బీమా కాగితంలో ఆడపిల్ల ఎక్కడుంది?

(మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారి అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. వరకట్నం, గృహహింస, పనిచోట వేధింపులు, కూలి రేట్లు - మనం మామూలుగా ఇక్కడ కూర్చుని మాట్లాడుకునేవి ఇవి. విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లల ఆరోగ్య బీమా మనకెందుకు, అది డబ్బున్నవాళ్ల గొడవ కదా అని ఇందాక టీ తాగేటప్పుడు ఒకరు నన్ను అడిగారు కూడా. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

ఒకప్పుడు విదేశీ చదువంటే డాక్టర్ల పిల్లలు, పెద్ద ఆఫీసర్ల పిల్లలు మాత్రమే వెళ్లేవారు. ఇప్పుడలా లేదు. 2023-24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆ ఏడాది అక్కడున్న విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే అందరికన్నా ఎక్కువ. వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో మన వీధుల్లో చూస్తేనే తెలుస్తుంది. ఎకరం పొలం తాకట్టు పెట్టినవాళ్లు, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టినవాళ్లు, కూతురి పెళ్లికని దాచిన బంగారం అమ్మినవాళ్లు కూడా పిల్లల్ని పంపుతున్నారు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా సాయం తీసుకుని ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలు వెళ్తున్నారు. ఇంట్లో మొట్టమొదట పాస్‌పోర్టు తీసుకున్న ఆడపిల్లలున్నారు. అలాంటి ఇంట్లో ఒక్క ఆస్పత్రి బిల్లు వస్తే పొలమూ పోతుంది, పిల్ల చదువూ పోతుంది. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లకు ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అసలు నేనీ విషయంలోకి రావడానికి ఒక తల్లి కారణం.

ఒక తల్లి పట్టుకొచ్చిన కాగితం

మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఒకావిడ వచ్చింది. చిన్న టౌన్లో టైలరింగ్ చేసుకుంటుంది. ఎప్పట్లాగే భర్త విషయమో, అత్తింటి విషయమో అనుకున్నాను. ఆమె సంచిలోంచి తీసిన కాగితం మాత్రం అమెరికా ఆస్పత్రి బిల్లు. 30 వేల డాలర్లకు పైన ఉంది. మన లెక్కలో పాతిక లక్షలు. “చదువుకున్నవాళ్లు మీరు, ఇది నిజంగా కట్టాలా మేడం గారూ?” అని అడిగింది.

కూతురు ఎం.ఎస్. చదవడానికి వెళ్లి నాలుగు నెలలైంది. ఒక రాత్రి కడుపునొప్పితో విలవిల్లాడిపోతే గదిలో ఉండే పిల్లలు ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అండాశయంలో ఉన్న నీటితిత్తి మెలిపడింది. వెంటనే ఆపరేషన్ చేశారు, పిల్ల బతికింది. బీమా ఉంది కదా అని అందరూ ధైర్యంగానే ఉన్నారు. ఇక్కడ కొన్న విద్యార్థి ప్రయాణ బీమా అది. బీమా కంపెనీ ఒక్క పైసా ఇవ్వలేదు. కారణం - ఇది ముందునుంచే ఉన్న జబ్బు అన్నారు. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే ఆ పిల్ల నిజం చెప్పింది. ఇంటర్ చదివేటప్పటినుంచీ నెలసరి సరిగా రాదని, అప్పట్లో స్కానింగ్ తీస్తే తిత్తులున్నాయన్నారని చెప్పింది. డాక్టరు అది రాసుకున్నారు. ఆ రాతే కంపెనీకి సాక్ష్యమైంది.

బీమా ఫారంలో “ఏవైనా జబ్బులున్నాయా” అన్నచోట “లేవు” అని టిక్కు పెట్టి ఉంది. ఎవరు పెట్టారమ్మా అని అడిగాను. కన్సల్టెన్సీ ఆఫీసులో కుర్రాడు నింపాడట. తండ్రి పక్కన కూర్చున్నాడు. పిల్ల సంతకం చేసింది. అప్పుడు ఆ తల్లి ఒక మాటంది: “తిత్తుల సంగతి ఆయనకే సరిగ్గా చెప్పలేదండీ. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమొస్తుందని నేనే దాన్ని నోరు మూసుకోమన్నాను.”

మిత్రులారా, ఆ మాట విన్నాక ఇది డబ్బున్నవాళ్ల గొడవ అని నాకు అనిపించలేదు. మన ఇళ్లలో ఆడపిల్ల ఒంట్లో ఏముందో దాచడం ఒక ఆచారం. నెలసరి బాధలు, పీసీఓడీ, థైరాయిడ్, ఫిట్స్, డిప్రెషన్ - అన్నీ పెళ్లి సంబంధాల భయంతో దాస్తాం. బీమా కంపెనీ వ్యాపారం ఏమో చెప్పనిదాన్ని పట్టుకుని క్లెయిమ్ కొట్టేయడం మీద నడుస్తుంది. ఇల్లు దాచమంటుంది, కంపెనీ దాచావేం అంటుంది. రెండిటి మధ్యా నలిగేది ఆ పిల్లే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి తన సొంత విద్యార్థి బీమా ఉంది. ఏడాదికి 2 వేల డాలర్ల పైన. వేరే బీమా ఉందని చూపిస్తే అది తీసుకోనక్కర్లేదు. ఇక్కడి పాలసీ 30 వేల రూపాయల లోపే వస్తుందని కన్సల్టెన్సీ చెప్పింది. కుటుంబం లక్షన్నర మిగిలిందనుకుంది. ఆ మిగిలిన లక్షన్నరే పాతిక లక్షలకు చేటు తెచ్చింది.

ఒకే ఆడపిల్ల, నాలుగు దేశాలు

ఈ కేసు తర్వాత నేను కొన్ని దేశాల నియమాలు చదివాను. చట్టాలు చదవడం మనకు అలవాటే కదా. చదివేకొద్దీ నాకర్థమైంది ఒకటే: ఆడపిల్ల శరీరం అన్ని దేశాల్లోనూ ఒకటే. దానికి దొరికే వైద్యం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అంటే ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు కాదు, మనుషులు కూర్చుని రాసుకున్న నియమం. మనుషులు రాసినదాన్ని మనుషులు మార్చవచ్చు.

ఇంగ్లండ్ సంగతి చూడండి. 2015 ఏప్రిల్ నుంచి వీసాతో పాటే ఆరోగ్య సర్‌ఛార్జి వసూలు చేస్తున్నారు. విద్యార్థులకు మొదట ఏడాదికి 150 పౌండ్లుండేది. 2024 ఫిబ్రవరి నుంచి 776 పౌండ్లు చేశారు. ఇది చాలా పెద్ద భారం, అన్యాయంగా పెంచారన్న విమర్శ ఉంది, అది నిజమే. కానీ ఆ డబ్బు కట్టిన అమ్మాయికి అక్కడి ప్రభుత్వ వైద్యసేవ దాదాపు ఆ దేశస్తురాలికి అందినట్టే అందుతుంది. పాత జబ్బా కొత్త జబ్బా అని అడగరు. కాన్పుకు బిల్లు వేయరు. గర్భనిరోధక సాధనాలు ఉచితం. సంతాన సాఫల్య చికిత్స లాంటి కొన్నిటికి మాత్రం వర్తించదు.

జర్మనీలో బీమా లేకుండా విశ్వవిద్యాలయంలో పేరే నమోదు చేయరు. సాధారణంగా 30 ఏళ్ల లోపు విద్యార్థులు చట్టబద్ధమైన సామాజిక బీమాలో చేరతారు. అందులో గర్భం, కాన్పు, మానసిక వైద్యం ఉన్నాయి. సంపాదన లేని భర్తకో, భార్యకో, పిల్లలకో అదనపు చందా లేకుండా అందులోనే చోటు ఉంటుంది. 30 దాటి వెళ్లినవాళ్లకు మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది, ప్రైవేటు బీమా వెతుక్కోవాలి. పెళ్లై, పిల్లలు పుట్టాక మళ్లీ చదువుకోవాలనుకునే స్త్రీలు ఎక్కువగా ఈ వయసువాళ్లే అన్నది గమనించండి.

ఆస్ట్రేలియాలో వీసా ఉన్నంతకాలం విదేశీ విద్యార్థి బీమా ఉండి తీరాలి. మంచిదే. కానీ 2011 జూలైలో ఆ బీమాలో ఒక షరతు చేర్చారు - గర్భానికి సంబంధించిన వైద్యం కావాలంటే చేరిన 12 నెలల దాకా ఆగాలని. గర్భం పన్నెండు నెలలు ఆగుతుందా? ఆ షరతును అక్కడి స్త్రీల ఆరోగ్య సంస్థలు ఏళ్లతరబడి వ్యతిరేకిస్తూ వచ్చాయి. వెళ్లే అమ్మాయి తన పాలసీ కాగితంలో ఎన్ని నెలలు ఆగాలని రాశారో చూసుకునే సంతకం చేయాలి.

ఇక మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికా. ఎఫ్‌-1 వీసా మీద వెళ్లే విద్యార్థికి బీమా ఉండాలని కేంద్ర ప్రభుత్వ నియమం ఏదీ లేదు. విశ్వవిద్యాలయం తన ఇష్టప్రకారం నియమం పెట్టుకుంటుంది. కొన్ని గట్టిగా పెడతాయి, కొన్ని వదిలేస్తాయి. జె-1 వీసా మీద వెళ్లేవాళ్లకు మాత్రం ప్రభుత్వమే కనీస హద్దులు రాసింది. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి లక్ష డాలర్లు, విమానంలో తరలించడానికి 50 వేల డాలర్లు, చనిపోతే శవాన్ని స్వదేశం పంపడానికి 25 వేల డాలర్లు. ఆ కనీస జాబితా నేను రెండుసార్లు చదివాను. శవం ఉంది, కాన్పు లేదు.

అదే అమెరికాలో 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక మేలు చేసింది. బీమా కంపెనీల ద్వారా విశ్వవిద్యాలయాలు ఇచ్చే విద్యార్థి బీమాలు ఆ చట్టం కిందికి వస్తాయి. పాత జబ్బు ఉందని వైద్యం నిరాకరించడానికి వీల్లేదు. కాన్పు, మానసిక వైద్యం అందులో ఉండాల్సిందే. కానీ ప్రయాణ బీమా పేరుతో చవగ్గా అమ్మే పాలసీలు, ఇక్కడినుంచి కొని పట్టుకెళ్లేవి ఆ చట్టం కిందికి రావు. కొన్ని విశ్వవిద్యాలయాలు కంపెనీ లేకుండా సొంత నిధితో బీమా నడుపుతాయి, వాటి నియమాలు విడిగా చూసుకోవాలి. కాబట్టి రెండు బీమాల ధరలు పోల్చితే చాలదు. ఏ చట్టం కింద ఏది ఉందో పోల్చాలి. మా దగ్గరికొచ్చిన ఆ తల్లికి ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ బిల్లు వచ్చేది కాదు.

మూడు మినహాయింపులు

ఇక్కడ అమ్మే విద్యార్థి ప్రయాణ పాలసీలు కొన్ని నేను తెచ్చి చదివాను. ముందు పేజీల్లో బ్యాగు పోతే ఎంత, పాస్‌పోర్టు పోతే ఎంత అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వెనక పేజీల్లో “ఈ కిందివాటికి వర్తించదు” అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాల్లో సాధారణంగా మూడు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది, ముందునుంచే ఉన్న జబ్బులు. దాని గురించి చెప్పాను. కొన్ని పాలసీల్లో ప్రాణాపాయ స్థితిలో కొంత మొత్తం దాకా ఇస్తామని ఉంటుంది. అది కూడా జబ్బు ముందే రాసి ఇచ్చినవాళ్లకే పనికొస్తుంది. జబ్బు రాస్తే ప్రీమియం పెరగొచ్చు, కొన్నిసార్లు పాలసీయే ఇవ్వకపోవచ్చు. అయినా రాయాలి. ఇవ్వకపోతే ఇవ్వలేదని ముందే తెలుస్తుంది, వేరే దారి చూసుకోవచ్చు.

రెండోది, గర్భం, కాన్పు, గర్భస్రావం. చాలా పాలసీల్లో ఇది సూటిగా మినహాయించి ఉంటుంది. “పెళ్లికాని పిల్లకి అదెందుకు మేడమ్” అని ఒక ఏజెంటు నాతో నవ్వుతూ అన్నాడు. వెళ్లేవాళ్లలో పెళ్లైనవాళ్లున్నారు. పెళ్లికాని పిల్లలకూ శరీరాలున్నాయి, ప్రేమలున్నాయి, వాళ్లమీద అత్యాచారాలూ జరుగుతాయి. ఇవన్నీ మనం ఇక్కడ మాట్లాడుకున్నవే. దేశం మారితే ఆడపిల్ల బతుకు మారిపోతుందా?

గర్భస్రావం విషయంలో ఇంకో హెచ్చరిక. మన దేశంలో 1971 చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా చేయించుకోవచ్చు, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా. పెళ్లికాని స్త్రీకీ ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. అమెరికాలో అదే సంవత్సరం జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హక్కును తీసేసి రాష్ట్రాలకు వదిలేసింది. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం ఉంది. అంటే ఇక్కడ ఉన్న హక్కు అక్కడ ఉండదు. ఏ రాష్ట్రానికి వెళ్తున్నామో తెలుసుకోవడం కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. మనం పిల్లలతో ఈ మాట నోరు తెరిచి చెప్పాలి.

మూడోది, మానసిక జబ్బులు, ఆత్మహత్యాప్రయత్నం. ఒంటరితనం, అప్పు, పరీక్షలు, పార్ట్‌టైం పనిచోట అవమానం, ఇంటికి చెప్పుకోలేని బాధ - ఇవన్నీ కలిసి పిల్లల్ని కుంగదీస్తున్నాయి. సరిగ్గా ఆ కుంగిపోయే చోటే పాలసీ చేతులెత్తేస్తుంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. వైద్య బీమాలో శారీరక జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని దాని 21వ సెక్షన్ చెబుతోంది. 2021లో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. మరి ఈ దేశంలోనే అమ్మే విద్యార్థి పాలసీల్లో ఆ మినహాయింపు ఎందుకుండాలి? ఈ ప్రశ్న మనం బీమా నియంత్రణ సంస్థను అడగాలి. ఈలోగా పిల్లలకు చెప్పవలసింది, చాలా విశ్వవిద్యాలయాల్లో క్యాంపస్ కౌన్సెలింగ్ విద్యార్థి ఫీజులోనే కలిసి ఉంటుంది, దానికి బీమా అక్కర్లేదు. అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. వీసా అడగరు.

భార్య పేరు ఎక్కడుంది?

ఇప్పటిదాకా చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి గురించి చెప్పాను. చదువుకునే భర్త వెంట వెళ్లిన అమ్మాయి స్థితి ఇంకా అన్యాయం. ఎఫ్‌-2 వీసా మీద ఉన్న భార్య ఉద్యోగం చేయకూడదు. ఆమెకు బీమా ఉండాలన్న కేంద్ర నియమమూ లేదు. జె-1 వెంట వెళ్లే భార్యకు తప్పనిసరి. ఎఫ్‌-2 భార్యకు భర్త దయ. విశ్వవిద్యాలయం బీమాలో భార్యను చేర్చాలంటే విడిగా పెద్ద మొత్తం కట్టాలి. కొన్నిచోట్ల అసలు చేర్చుకోరు. “నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, నీకెందుకు” అన్న మాట ఫోనులో ఏడుస్తూ నాకు చెప్పిన అమ్మాయి ఉంది. అప్పటికి ఆమెకు మూడో నెల.

బీమా ఉన్నా ఇంకో చిక్కు. అమెరికాలో వైద్యం చేయించుకున్నాక కంపెనీ ఒక వివరాల కాగితం పంపుతుంది. ఏ రోజు, ఏ డాక్టరు దగ్గర, దేనికోసం అని అందులో ఉంటుంది. అది వెళ్లేది పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకి. భార్య భర్త పాలసీలో ఉంటే, భర్త కొట్టిన దెబ్బలకు కట్టు కట్టించుకున్న కాగితం ఆ భర్త చేతికే వస్తుంది. గర్భనిరోధక మాత్రలకు వెళ్లినా అంతే, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినా అంతే. గృహహింస కేసులు చూసే మనకు దీని అర్థం వేరే చెప్పాలా?

దీనికి అక్కడి చట్టంలో ఒక దారి ఉంది. ఆ కాగితాలు ఆ చిరునామాకు వస్తే నాకు ప్రమాదం ఉంది అని ఆమె చెబితే, వేరే చిరునామాకో, ఫోనుకో, ఈ-మెయిల్‌కో పంపమని అడిగే హక్కు ఆమెకుంది. సహేతుకమైన ఆ కోరికను కంపెనీ మన్నించాలి. ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ. అక్కడినుంచి మనకు ఫోన్ చేసే అమ్మాయిలకు మొదట చెప్పవలసిన నాలుగు మాటల్లో ఇదొకటి.

చదువు అయిపోయాక వచ్చే ఖాళీ కూడా మరవకండి. డిగ్రీ చేతికి రాగానే విశ్వవిద్యాలయం బీమా సాధారణంగా ఆగిపోతుంది. పని అనుమతి మీద ఉద్యోగం వెతుక్కునే నెలల్లో ఏ బీమా లేని పిల్లలు ఎందరో. చదువుకునేటప్పటికన్నా అప్పుడే ఎక్కువ ప్రమాదం.

బిల్లు వచ్చాక

బిల్లు వచ్చాక అంతా అయిపోయిందనుకోకూడదు. ఆ తల్లి కేసులో మేం నేర్చుకున్నవి చెబుతాను.

అమెరికాలో 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగమున్న ఆస్పత్రులు డబ్బుందా, బీమా ఉందా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. నొప్పులు పడే స్త్రీకీ ఇది వర్తిస్తుంది. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. కానీ బిల్లు భయంతో ఆస్పత్రికి వెళ్లకుండా గదిలో పడుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. అంబులెన్సు కూడా పెద్ద బిల్లే. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఎమర్జెన్సీలో అనుకోని బిల్లులనుంచి కొంత కాపాడుతుంది, కానీ రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు అది వర్తించదు.

రెండోది, ఏ ఖర్చుకు ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడగాలి. మూడోది, అక్కడ లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ ఆర్థిక సాయం విధానం ఒకటి రాతపూర్వకంగా ఉండి తీరాలి. మొదటి బిల్లు వచ్చిన నాటినుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత తగ్గిస్తారనేది ఆస్పత్రిని బట్టి ఉంటుంది. నాలుగోది, విశ్వవిద్యాలయం బీమా క్లెయిమ్ కొట్టేస్తే 180 రోజుల లోపు అప్పీలు చేయవచ్చు.

ఇక్కడి కంపెనీ కాదంటే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా విషయాలు వింటారు.

ఆ అమ్మాయి విషయంలో మేం రెండు దారులూ పట్టాం. ఇక్కడ మా వాదన నిలవలేదు. “ఏ జబ్బూ లేదు” అన్న టిక్కు కింద ఆమె సంతకం ఉంది. అక్కడ ఆస్పత్రి మాత్రం దరఖాస్తు చూసి సగానికి పైగా తగ్గించింది. మిగతాది నెలనెలా కడుతోంది. చదువు ఆగలేదు.

మనం ఏం చేయాలి?

ఒక పోలిక చెబుతాను. గల్ఫ్‌కు పనికోసం, వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు మన ప్రభుత్వం ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి చేసింది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా. స్త్రీలకు కాన్పు ఖర్చు కూడా అందులో కొంత చేర్చారు. ఆ పథకం అమలులో ఎన్ని లోపాలున్నాయో కడపలో, గోదావరి జిల్లాల్లో గల్ఫ్ స్త్రీలతో పనిచేసేవాళ్లకు తెలుసు. అయినా ఒక సూత్రం అందులో ఉంది: దేశం దాటే మనిషి ఆరోగ్యం ప్రభుత్వం బాధ్యత కూడా. విద్యార్థుల విషయంలో ఆ సూత్రం ఎక్కడ పోయింది? ఆపద వచ్చాక రాయబార కార్యాలయాలు 2009లో పెట్టిన ప్రవాసీ సంక్షేమ నిధినుంచి, మరీ గతిలేనివాళ్లకు, సాయం చేయవచ్చు. కానీ అది ఆపద వచ్చాక ఇచ్చేది, ముందే కాపాడేది కాదు.

అందుకని మనం కొన్ని కోరికలు ముందుకు తేవాలి. ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల్లో ఫీజుతో పాటు ఆరోగ్య బీమా ప్రీమియం కూడా విడిగా లెక్కగట్టి ఇవ్వాలి. విద్యార్థి పాలసీల్లో మినహాయింపులు మొదటి పేజీలో, తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో వేయాలి. గర్భం, మానసిక జబ్బు అన్న రెండు మినహాయింపులనూ తీసేయాలి. ఫారం కన్సల్టెన్సీ వాళ్లు కాక, వెళ్లే విద్యార్థే స్వయంగా నింపాలని నియమం పెట్టాలి.

ఇవి జరిగేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మన ఊళ్లలో, మన బస్తీల్లో ఏ పిల్ల విదేశాలకు బయల్దేరుతోందో మనకు తెలుస్తుంది. ఆ పిల్లను, తల్లిని ఒక గంట కూర్చోబెట్టాలి. తండ్రి, అన్న, ఏజెంటు లేకుండా. ఆరు ప్రశ్నలు అడగాలి: నీ ఒంట్లో ఏముందో ఫారంలో రాశావా? నీ పాలసీ ఏ దేశపు చట్టం కిందికి వస్తుంది? గర్భం, మానసిక వైద్యం ఉన్నాయా, ఎన్ని నెలలు ఆగాలి? ఒక్కో జబ్బుకు నువ్వు ముందు కట్టాల్సింది ఎంత? కాగితాలు ఎవరి పేరున, ఏ చిరునామాకు వస్తాయి? చదువు ముగిసిన రోజు ఏమవుతుంది? ఈ ఆరిటికీ జవాబు ఆ పిల్ల నోటినుంచి రావాలి.

ఆ గంటలో అన్నిటికన్నా కష్టం మొదటి ప్రశ్నే. మేం ఇప్పటికి కొందరు పిల్లలతో కూర్చున్నాం. మొదటి ప్రశ్న దగ్గర పిల్ల తల్లి వైపు చూస్తుంది. తల్లి నేల చూస్తుంది. అక్కడ మనం తొందరపడకూడదు. మన ఇళ్లలో ఆడపిల్ల ఒంటి గురించి మాట్లాడుకోకుండా గడిపిన సంవత్సరాలన్నీ అక్కడ అడ్డంగా ఉంటాయి. ఆ మౌనం కదిలితే మిగతా అయిదు ప్రశ్నలకు జవాబులు కష్టం కాదు.

మొన్న ఆ టైలరింగ్ తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి బిల్లు లేదు, చిన్నకూతురుంది వెంట. ఆ పిల్లా వెళ్లాలనుకుంటోందట. “దీనికి ఫిట్స్ వచ్చేవి మేడం గారూ, చిన్నప్పుడు. ఫారంలో రాయాలి కదా?” అంది. రాయాలమ్మా అన్నాను. ఆ పిల్ల మా ముందే పెన్ను తీసి తనే రాసింది.

 ఇక మీ ప్రశ్నలు, మీ అనుభవాలు చెప్పండి.